కుచ్చు పోగు కాల్చి చూస్తే పట్టుచీర సంగతి తేలుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

వస్త్ర పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే నాకు పెళ్లిళ్ల రోజుల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "కొంగు కుచ్చులోంచి పోగు తీసి కాల్చాం, వెంట్రుక కాలిన వాసనే వచ్చింది, కాబట్టి ఇది అసలు పట్టే." కొనేవారికి ఎక్కువ నష్టం తెచ్చేది ఈ నమ్మకమే.

నిజానికి పరీక్షలో దోషం లేదు. పట్టులోని ఫైబ్రాయిన్, మన వెంట్రుకలోని కెరటిన్ రెండూ ప్రోటీన్లే కనుక కాలినప్పుడు ఇంచుమించు ఒకే వాసన వస్తుంది, మిగిలిన నల్లటి బూడిద నలిపితే పొడి అవుతుంది. పొరపాటంతా పోగును ఎంచుకోవడంలో ఉంది. నేతలో వదిలిన కుచ్చుల్లో ఉండేవి పడుగు పోగులే, అంటే చీర పొడవునా సాగే నిలువు పోగులే. పేక, అంటే అడ్డంగా నేసే పోగు, వాటిలో ఉండదు. అందువల్ల పడుగు పట్టుతో వేసి, పేకగా విస్కోస్‌నో పాలియెస్టర్‌నో నేసిన చీర కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. విడిగా కట్టించిన కుచ్చులైతే పడుగు గురించి కూడా ఏమీ చెప్పవు.

చీర ఒంటి భాగంలో, కుట్టు మడతలోకి పోయే అంచు దగ్గర, నిలువు పోగొకటి, అడ్డ పోగొకటి తీసి వేర్వేరుగా కాల్చాలి. పాలియెస్టర్ ముడుచుకుని, కరిగి, గట్టి పూసగా మారుతుంది. విస్కోస్ కరగదు, కలప గుజ్జులోని సెల్యులోజ్‌తో చేసిన పోగు కనుక కాగితంలా మండి, కాగితం వాసనే ఇస్తుంది. "కరగలేదు, ప్లాస్టిక్ కాదు" అని సంతోషించేవారు మోసపోయేది ఇక్కడే.

కూతురి ముహూర్తం చీర తెచ్చిన ఒక తల్లికి పేక విస్కోస్ అని చెప్పినప్పుడు, డబ్బు సంగతి అడగకుండా, వియ్యంకులకు తెలిస్తే ఏమనుకుంటారోనని ఆవిడ కంగారుపడ్డారు. తప్పు అమ్మినవాడిదని, బిల్లూ మా నివేదికా పట్టుకుని అతణ్ణే నిలదీయమని చెప్పాను.

ఇక చీర ఉంగరంలోంచి దూరితే పట్టేనన్నది వట్టి పుకారు. పలుచని పాలియెస్టర్ చీర కూడా దూరుతుంది. 2004లో మొదలైన సిల్క్ మార్క్ అనే ధ్రువీకరణ ముద్ర పట్టు స్వచ్ఛతకే హామీ, జరీకి కాదు. ఆర్ట్ సిల్క్ అంటే కృత్రిమ పట్టు, కళాత్మక పట్టు కాదు. గద్వాల చీర ఒంటి భాగం నూలు కావడం మాత్రం మోసం కాదు. నూలు ఒంటికి పట్టు అంచు, కొంగు జతచేయడమే ఆ నేత ప్రత్యేకత.