చీకట్లో బంగారు గది

బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో పరలోకం నుంచి దిగివచ్చే పట్టణాన్ని దూత బంగారు కొలకర్రతో కొలుస్తాడు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానం: 12 వేల స్టేడియాలు, అంటే రెండు వేల కిలోమీటర్ల పైమాటే. ఊరికి అంత ఎత్తేమిటని చదివేవాళ్లు తికమకపడతారు. దాని జాడ తీయాలంటే యెరూషలేములో ఒకప్పుడున్న చిన్న గది దగ్గరికి వెళ్లాలి.

క్రీ.పూ. 10వ శతాబ్దంలో ఇశ్రాయేలు రాజు సొలొమోను కట్టించిన మందిరం కొలతలు బైబిల్లోని రాజుల మొదటి గ్రంథం ఇస్తుంది. 60 మూరల పొడవు, 20 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తు. అందులో పడమటి కొసన ఉన్న గది మాత్రం ఎటు కొలిచినా 20 మూరలే, సుమారు 30 అడుగులు. అంతకుముందు ఇశ్రాయేలీయులు ఆరాధన కోసం అరణ్యంలో మోసుకు తిరిగిన ప్రత్యక్షపు గుడారంలోనూ లెక్క కడితే ఇదే ఆకారం, పదేసి మూరలతో.

తెలుగు బైబిలు ఈ గదిని గర్భాలయం అంటుంది. మాట వినగానే మనకు అర్థమైపోతుంది గానీ, కాస్త దారి కూడా తప్పిస్తుంది. ఇక్కడ మూలవిరాట్టు లేదు. రెండు ఒలీవ కర్ర కెరూబుల, అంటే రెక్కలున్న దివ్య ప్రాణుల బొమ్మల నీడన నిబంధన మందసం, అంటే పది ఆజ్ఞల రాతిపలకల పెట్టె ఉండేది, అంతే. గదంతా మేలిమి బంగారు పూత. అంత బంగారాన్ని చూసేందుకు వెలుగేది? దీపస్తంభాలు బయటి గదిలో ఉన్నాయి. యెహోవా గాఢాంధకారంలో నివసిస్తానన్నాడని సొలొమోనే ప్రతిష్ఠ రోజున అంటాడు. ఆకాశ మహాకాశాలే పట్టజాలని నిన్ను ఈ మందిరం ఎలా పడుతుందని వెంటనే అడుగుతాడు కూడా. కట్టించినవాడికే కలిగిన ఈ సందేహం నాకు ఆ బంగారం కన్నా విలువైనదనిపిస్తుంది.

గోడల నిండా కెరూబులు, ఖర్జూరపు చెట్లు, వికసించిన పువ్వులు చెక్కారు. వాకిలి తూర్పున. ఏదెను తోట నుంచి ఆదామును వెళ్లగొట్టాక కెరూబులను కాపలా పెట్టింది తోటకు తూర్పునే. అంటే ఏడాదికొక్కసారి, ప్రాయశ్చిత్త దినాన, బలి రక్తం తీసుకుని పడమటికి నడిచే ప్రధాన యాజకుడు పోగొట్టుకున్న తోటలోకి తిరిగి వెళ్తున్నట్టే.

ఈ నమూనా యెరూషలేముకే సొంతం కాదు. ఉత్తర సిరియాలోని ఐన్ దారా గుడికీ దాదాపు ఇదే పొందిక. దాని గడపరాళ్ల మీద మీటరు పొడవున్న పాదముద్రలు లోపలికి నడిచి వెళ్తున్నట్టు చెక్కి ఉన్నాయి. 2018 జనవరిలో టర్కీ వైమానిక దాడిలో ఆ గుడి బాగా దెబ్బతింది. సొలొమోను మందిరానిదని తేల్చి చెప్పగల రాయి మాత్రం ఒక్కటీ దొరకలేదు.

క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం సొలొమోను మందిరాన్ని తగలబెట్టింది. తర్వాత మందసం ఊసు లేదు. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులు మళ్లీ కట్టుకున్న మందిరంలో ఆ గది ఖాళీ. నేల నుంచి మూడు వేళ్ల ఎత్తున ఒక రాయి ఉండేదని, ధూపార్తిని దాని మీదే పెట్టేవారని యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నా చెబుతుంది. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే లోపలికి దూరి చూశాడు. ఏ దేవుడి బొమ్మా లేదని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

గది ఖాళీ అయినా చుట్టూ అడ్డుగోడలు మాత్రం తగ్గలేదు. హేరోదు రాజు విస్తరించిన ఆలయంలో అన్యజనులకు, అంటే యూదులు కానివాళ్లకు ఒక ఆవరణ, స్త్రీలకు ఒకటి, యూదు పురుషులకు ఒకటి, ఆపైన యాజకులది. తన ఆవరణ దాటి లోపలికి వచ్చిన అన్యుడి చావుకు అతడే బాధ్యుడని చెప్పే గ్రీకు శాసనం 1871లో దొరికింది. ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. యేసు ప్రాణం విడిచినప్పుడు గర్భాలయపు తెర పైనుంచి కిందికి చినిగిందని మార్కు రాసింది ఈ ఆలయం గురించే. ఆ తెర క్రీస్తు శరీరమేనంటుంది కొత్త నిబంధనలోని హెబ్రీయులకు రాసిన లేఖ.

క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు సైన్యం దాన్నీ కాల్చింది. ఆ తర్వాత పాతికేళ్లకు ప్రకటన గ్రంథం వచ్చిందని ఎక్కువమంది పండితుల లెక్క. పట్టణంలో దేవాలయమేదీ కనబడలేదంటాడు రచయిత. ఎందుకు కనబడుతుంది, ఊరంతా ఆ గదే అయినప్పుడు? అదే ఆకారం, అదే మేలిమి బంగారం. పాత గదికి వాకిలి ఒక్కటే, అదీ తూర్పున. ఈ ఊరికి నాలుగు దిక్కులా మూడేసి గుమ్మాలు. పగలు వాటిని మూయరు. రాత్రి అక్కడ లేదు.