నోటు మీద ఎవరి బొమ్మ ఉండాలి?

పిల్లలూ,

మన నోట్ల మీద గాంధీగారితో పాటు ఇంకెవరి బొమ్మ ఉండొచ్చు అన్న దాని మీద మీ స్కూల్లో డిబేట్ పెట్టారట కదా. "తాతా, నువ్వు బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చున్నావు కదా, నాలుగు పాయింట్లు చెప్పు" అన్నారు. పాయింట్లుగా చెప్తే అవి బట్టీ పట్టి వదిలేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నా.

ముందు ఒక ఐదువందల నోటు చేతిలోకి తీసుకోండి. కళ్ళు మూసుకుని గాంధీగారి బొమ్మ మీద వేలు పోనివ్వండి. గరుకుగా తగులుతుంది. ఇంకు కాగితం పైకి ఉబికేలా అచ్చు వేస్తారు కాబట్టి అట్లా ఉంటుంది. అసలు నోటు మీద మనిషి ముఖం ఎందుకు అన్నదానికి ఒక కారణం ఇక్కడే ఉంది. పువ్వులోనో గోపురంలోనో చిన్న తేడా వస్తే మన కంటికి పట్టదు. ముఖంలో పెదవి కాస్త వంకరైనా ఇట్టే తెలిసిపోతుంది. దొంగనోటు పట్టుకోవడానికి ముఖం అంత పనికొస్తుంది.

ఆ ముఖం ఎవరిది అన్నది రిజర్వ్ బ్యాంకు తనంతట తాను తేల్చే విషయం కాదు. 1934 నాటి ఆర్‌బీఐ చట్టం ప్రకారం బ్యాంకు బోర్డు సిఫార్సు చేస్తుంది, కేంద్ర ప్రభుత్వం ఆమోదిస్తుంది. ఈ చర్చ మనకు కొత్తదేం కాదు. స్వాతంత్ర్యం రాగానే జార్జి రాజు బొమ్మ తీసేసి గాంధీగారిది పెట్టాలని డిజైన్లు కూడా గీశారు. చివరికి సారనాథ్ సింహాల వైపు మొగ్గారు. గాంధీగారు నోటు మీదికి వచ్చింది 1969లో, శతజయంతికి. 1987లో ఐదువందల నోటు మీదికి వచ్చారు. 1996 నుంచి వచ్చిన కొత్త వరుసతో రిజర్వ్ బ్యాంకు వేసే నోట్లన్నీ ఆయనవే అయ్యాయి. అంటే మీరు అనాదిగా ఉంది అనుకుంటున్న ఏర్పాటుకు మీ అమ్మానాన్నల వయసు కూడా లేదు. మార్చడం గురించి మాట్లాడటం తప్పేమీ కాదు.

మన తిరుపతిలో ఈ ప్రశ్న ఎవరిని అడిగినా ముందు వచ్చే జవాబు "స్వామివారి బొమ్మ" అని. దానికి చరిత్ర కూడా ఉంది. మీరు పిక్నిక్‌కి వెళ్ళే చంద్రగిరి కోట నుంచి పాలించిన వెంకటపతి రాయలు తన బంగారు నాణెం మీద వేంకటేశ్వరుణ్ణి నిలబెట్టి, వెనక "శ్రీ వేంకటేశ్వరాయ నమః" అని వేయించాడు. తర్వాత మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు కూడా స్వామి, ఇద్దరు దేవేరులు ఉన్న వరహాలు కొట్టించారు. దాన్ని మూడు స్వాముల వరహా అనేవాళ్ళు. వ్యాపారానికి వచ్చిన కంపెనీ కూడా జనం నమ్మి తీసుకునే బొమ్మనే ఎంచుకుంది, చూడండి.

అయినా ఈరోజు నోటు మీద దేవుడి బొమ్మ వద్దనే నేనంటాను. కౌంటర్లో నేను చూసిన నోట్లు ఎట్లా ఉండేవో చెప్తే మీకే అర్థమవుతుంది. చెమటకు తడిసినవి, చేపల మార్కెట్ వాసన వేసేవి, ఫోన్ నంబర్లు రాసినవి, నడుమ పిన్ను పొడిచినవి. ఉమ్మి తడి చేసుకుని లెక్కపెట్టేవాళ్ళు ఎంతమందో! స్వామిని అట్లా చూడలేను. పైగా రేణిగుంట చర్చి ముందు కొవ్వొత్తులు అమ్మే ఆమె, మసీదు పక్క బిర్యానీ హోటలాయన, వీళ్ళందరి చేతుల్లోనూ తిరిగే కాగితం అది. అందరిదీ అయినదాని మీద అందరూ ఒప్పుకునే బొమ్మే ఉండాలి.

బతికున్నవాళ్ళ బొమ్మ కూడా వద్దు. అమెరికాలో నోట్ల అచ్చు చూసే స్పెన్సర్ క్లార్క్ అనే అధికారి ఐదు సెంట్ల నోటు మీద తన బొమ్మే వేసుకున్నాడు! అక్కడి పార్లమెంటుకు ఒళ్ళు మండి, బతికున్నవాళ్ళ బొమ్మ వేయకూడదని 1866లో చట్టం చేసింది. అదే దేశంలో ఇరవై డాలర్ల నోటు మీద బానిసలను ఉంచుకున్న ఆండ్రూ జాక్సన్ బదులు, బానిసత్వం నుంచి తప్పించుకుని ఎందరినో తప్పించిన హ్యారియట్ టబ్‌మన్ బొమ్మ వేస్తామని 2016లో ప్రకటించారు. నోటు మీద ఇంకా జాక్సనే ఉన్నాడు.

నాకు బాగా నచ్చింది ఇంగ్లండు పద్ధతి. యాభై పౌండ్ల నోటుకు ఒక సైంటిస్టు పేరు చెప్పమని 2018లో జనాన్నే అడిగారు. 2,27,299 సూచనలు వచ్చాయి. చివరి పన్నెండు ఎంపికల్లో మన శ్రీనివాస రామానుజన్ కూడా ఉన్నాడు. ఎంపికైంది అలన్ ట్యూరింగ్. యుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలు విప్పిన మేధావి. సాటి మగవాణ్ణి ప్రేమించాడని 1952లో ఆయనకు శిక్ష వేసింది ఆ దేశమే. 2021లో ఆయన బొమ్మతో నోటు తెచ్చిందీ ఆ దేశమే.

ఇక నా మాట. బ్రిటిష్ వాళ్ళు వేసిన నోట్ల దగ్గర్నుంచి ఇప్పటి నోట్ల దాకా, నోటు మీద పోర్ట్రెయిట్‌గా కనిపించిన ఆడమనిషి ఒక్క విక్టోరియా రాణే. 1861లో ఆమె బొమ్మతో నోట్లు వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక మన ఆడవాళ్ళలో ఒక్కరి ముఖమూ రాలేదు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. గాంధీగారిని తీసేయమనను. ఒక్క నోటు మీదన్నా దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను చూడాలని ఉంది.

రాజమండ్రి పిల్ల. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడింది. అప్పటికి పద్నాలుగేళ్ళు, మీ అక్క వయసు. టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది. తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళింది, లా చదివింది, ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఆమె భర్త చింతామణ్ దేశ్‌ముఖ్ రిజర్వ్ బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు. ఆ రోజుల్లో ఆయన సంతకం నోట్ల మీదే ఉండేది.

డిబేట్‌లో నా మాట చెప్పారంటే అవతలి జట్టు ఊరుకోదు. "తెలుగామె కాబట్టి తాత చెప్పాడు, బీహార్‌లో ఆమె ఎవరికి తెలుసు? సావిత్రీబాయి ఫూలే అయితే దేశమంతా తెలుసు కదా" అంటారు. గట్టి ప్రశ్నే అది. తెలిసినవాళ్ళ బొమ్మే వేయాలా, వేస్తే తెలుస్తారా? నేను రెండోదాని వైపు. మీలో ఎవరు ఎటువైపు నిలబడతారో, ఎందుకో, ఆదివారం ఇంటికొచ్చి చెప్పండి. ఫూలే తరఫున మాట్లాడేవాళ్ళు ముందు మాట్లాడండి.

మీ
తాత
తిరుపతి