బ్రహ్మకమలం: కోయడానికి నందాష్టమి దాకా ఎందుకు ఆగాలి?

మన ఇళ్ళ కుండీల్లో రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోయే పెద్ద తెల్లపువ్వునే తెలుగువాళ్ళు చాలామంది బ్రహ్మకమలం అంటారు. ఇంటిల్లిపాదీ హారతిచ్చే ఆ మొక్క ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చిన జెముడు జాతి. ఆకుల్లా కనిపించేవి దాని చదునైన కాండాలు, మొగ్గ వాటి అంచునే పుడుతుంది. హిమాలయాల్లో దేవుడికి సమర్పించే బ్రహ్మకమలానికీ దీనికీ చుట్టరికమే లేదు. ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పమైన ఆ మొక్క పేరు సాసూరియా ఆబ్వల్లాటా. చామంతి, పొద్దుతిరుగుడు దాని కుటుంబమే.

సుమారు 3,000 నుంచి 4,800 మీటర్ల ఎత్తున, రాళ్ళవాలుల్లో, బుగ్యాళ్ళనే పచ్చికబయళ్ళలో ఇది పెరుగుతుంది. ఉత్తరాఖండ్‌లోని పూలలోయలోనూ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్), సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సాహిబ్ దారిలోనూ కనిపిస్తుంది. దూరం నుంచి రేకుల్లా అనిపించేవి రేకులు కావు. అవి పుచ్ఛాలు, అంటే పూలగుత్తిని కప్పే ప్రత్యేకమైన ఆకులు. లేత పసుపుపచ్చగా, కాగితమంత పలచగా, దోనె ఆకారంలో ఉంటాయి. వాటిని విప్పి చూస్తే లోపల ముదురు ఊదారంగు గుండీల్లాంటి పూలతలలు గుంపుగా కనిపిస్తాయి. ఒక్కో తలలో ఎన్నో చిన్న గొట్టపు పూలు. అసలు పువ్వులు అవే. పలచని పుచ్ఛాలు వెలుతురును లోపలికి రానిస్తూ చలిగాలినీ వాననూ అడ్డుకుంటాయి. పుప్పొడి తడిస్తే పాడవుతుంది కాబట్టి, వానాకాలంలోనే పూసే మొక్కకు ఈ కప్పు ఎంతో అవసరం.

మహాభారతంలో ద్రౌపది కోసం భీముడు తెచ్చిన సౌగంధికం ఇదేనని కొండవాసులు చెప్పుకుంటారు. సౌగంధికం కుబేరుడి కొలనులో పూసింది, బ్రహ్మకమలం నీటిమొక్క కాదు. ఆ పోలిక నాకు కుదరదనిపిస్తుంది. దీని సాంస్కృతిక బలమంతా నందాదేవి పూజలో ఉంది.

ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్, కుమావూఁ ప్రాంతాల ప్రజలకు నందాదేవి ఇంటి ఆడపడుచు. సారె పెట్టి అత్తారింటికి పంపినట్టే ఆమెను కైలాసానికి సాగనంపుతారు. భాద్రపద శుద్ధ అష్టమి, అంటే నందాష్టమి వచ్చేదాకా బ్రహ్మకమలం కోయకూడదని చాలా ఊళ్ళ కట్టుబాటు. కోసేవాళ్ళు చెప్పుల్లేకుండా వెళ్తారు, బుగ్యాల్‌లో గట్టిగా అరవరు.

ఈ గడువులో గట్టి వృక్షశాస్త్రం ఉంది. మంచు కరిగాక చిగురించే మొక్క జులై నుంచి సెప్టెంబరు దాకా పూస్తుంది. మళ్ళీ మంచు కమ్మేలోగా గింజ ముదిరి, దాని కొసనున్న వెంట్రుకల కుచ్చుతో గాలికి ఎగిరిపోవాలి. నందాష్టమి నాటికి ముందుగా పూసినవి చాలావరకు గింజకొస్తాయి. జులైలోనే కాడ తుంచితే పుచ్ఛాలతోపాటు గుత్తి మొత్తం పోతుంది, ఆ కాడ నుంచి ఆ ఏడు ఒక్క గింజా రాలదు. నేలలోని దుంపవేరు బతికుంటే మళ్ళీ చిగురించవచ్చు. వేరుతో సహా పీకితే ఆ మొక్క కథ ముగిసినట్టే.

వేరు కోసం తవ్వితే ఏమవుతుందో దీని దగ్గరి బంధువే చూపింది. మన ఆయుర్వేద దుకాణాల్లో చెంగల్వకోష్టుగా అమ్మే వేరు ఇదే సాసూరియా ప్రజాతికి చెందిన మరో జాతిది. దాన్ని అడవుల్లో ఎంతగా తవ్వారంటే, చివరికి అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చాల్సివచ్చింది.

అందుకే శ్రావణంలో కేదార్‌నాథ్ వెళ్ళే తెలుగు యాత్రికులు అమ్మకానికి కనిపించే బ్రహ్మకమలాలను కొనకుండా వదిలేయడం మంచిది. కొనేవాళ్ళుంటేనే గడువుకు ముందు కోతలు సాగుతాయి. మొక్కను పెకలించి తెచ్చి ఇంట్లో పెంచుదామనీ అనుకోవద్దు. నెలల తరబడి మంచు కింద నిద్రపోయే ఆ వేరుకు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆ చలి దొరకదు. వెచ్చని తడిమట్టిలో అది కుళ్ళిపోతుంది.