అంచు లేదు సరే, అంతు ఉందా?

విశ్వం పరిమితమా, అనంతమా అని అడగగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది గోడ. పరిమితమైతే ఎక్కడో ఒక గోడ ఉండాలి కదా, దానికి అవతల ఏముంది? వేల ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నే ఇది. పైకి గట్టిగానే కనిపిస్తుంది గానీ, అంచు, అంతు రెండూ ఒకటేనన్న పొరపాటు దీని అడుగున ఉంది. భూమి ఉపరితలం 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. అంటే దానికి అంతు ఉంది. అయినా ఎంత నడిచినా అంచు తగలదు. 1917లో ఐన్‌స్టీన్ తన సాధారణ సాపేక్ష సిద్ధాంతాన్ని విశ్వం మొత్తానికి వర్తింపజేసినప్పుడు ప్రతిపాదించింది ఇలాంటిదే, కాకపోతే ఉపరితలానికి బదులు త్రిమితీయ అంతరాళం. దాని ఘనపరిమాణం లెక్కకు అందుతుంది, గోడ మాత్రం ఉండదు. ఆ విశ్వం పెరగదు, తరగదు అన్న ఆయన ఊహ తర్వాత కూలిపోయింది. అంచు లేకుండా అంతు ఉండొచ్చన్న మాట మాత్రం నిలిచింది.

విశ్వం వ్యాసం 9,300 కోట్ల కాంతి సంవత్సరాలని తరచూ చదువుతుంటాం. అది మనకు కనిపించగల భాగం కొలత, మొత్తం విశ్వానిది కాదు. వయసు 1,380 కోట్ల ఏళ్లే అయినా వ్యాసార్ధం 4,650 కోట్ల కాంతి సంవత్సరాలు ఎలా అయిందంటే, కాంతి మనవైపు వస్తున్నంతసేపూ అది దాటి వచ్చిన దారి వెనకాల సాగుతూనే ఉంది. బిగ్ బ్యాంగ్ విషయంలోనూ ఇలాంటి తికమకే. మొదట్లో విశ్వమంతా ఆవగింజంత ఉండేదంటారు. ఆవగింజంత ఉన్నది ఇప్పుడు మనకు కనిపించే ఈ ముక్క. మొత్తం విశ్వం ఇవాళ అనంతమైతే ఆనాడూ అనంతమే, కాకపోతే ప్రతి చోటా విపరీతమైన వేడి, సాంద్రత. పరిమితమైనది సాగి సాగి ఎంత పెద్దదైనా అనంతం కాలేదు.

కనిపించని భాగం సంగతి తేల్చడానికి మనకున్న మొదటి ఆధారం అంతరాళపు వంపు. బంతి మీద పెద్ద త్రిభుజం గీస్తే మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు దాటుతుంది. గుర్రపు జీను లాంటి ఆకారం మీద 180 కంటే తగ్గుతుంది. కాగితం మీద సరిగ్గా 180. త్రిమితీయ అంతరాళానికీ ఈ మూడు దారులే. బంతి తరహా వంపు ఉంటే విశ్వం పరిమితమే. ఏ దారన్నది సాంద్రత నిర్ణయిస్తుంది: ఎక్కువైతే బంతి, తక్కువైతే జీను. సరిహద్దులో ఉండే సందిగ్ధ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 5 హైడ్రోజన్ పరమాణువుల బరువు. అదీ కంటికి కనిపించని డార్క్ మ్యాటర్, వ్యాకోచానికి వేగం పెంచే డార్క్ ఎనర్జీ అన్నీ కలుపుకుంటేనే. మామూలు పదార్థం అందులో 5 శాతం మాత్రమే, అంటే నాలుగు ఘనపు మీటర్లు వెతికితే ఒక పరమాణువు. ‘బల్లపరుపు విశ్వం’ అన్న మాట విని పళ్లెంలా పల్చగా ఉంటుందనుకోకూడదు. బడిలో నేర్చుకున్న జ్యామితి ఎంత దూరమైనా చెల్లుతుందన్నదే దాని అర్థం.

విశ్వానికి సరిపడే త్రిభుజం గీయాలంటే ఒక భుజం పొడవు ముందే తెలిసి ఉండాలి, త్రిభుజం చాలా దూరం సాగాలి. 1900లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ భూకక్ష్యనే ఆ భుజంగా వాడుకున్నాడు. నక్షత్రాల స్థానాలు ఏడాదిలో ఎంత జరుగుతున్నాయో చూసి, బంతి తరహా వంపు ఉంటే దాని వ్యాసార్ధం కనీసం 1,600 కాంతి సంవత్సరాలు ఉండి తీరాలని లెక్కగట్టాడు. ఇప్పుడు వాడే కొలబద్ద శబ్దం. మొదటి 3.8 లక్షల ఏళ్లు విశ్వం నిండా కాంతి, ప్లాస్మా (ఎలక్ట్రాన్లు, కేంద్రకాలు విడివిడిగా తిరిగే పదార్థం) కలగలిసిన వేడి ద్రవ్యం ఉండేది. అందులో శబ్ద తరంగాలు కాంతి వేగంలో సగానికి మించిన వేగంతో పరిగెత్తేవి. వేడి 3,000 కెల్విన్లకు పడిపోయేసరికి పరమాణువులు ఏర్పడ్డాయి, కాంతికి దారి దొరికింది, తరంగాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. దారి కూడా సాగుతూ ఉండటంతో అప్పటికి అవి దాటిన దూరం సుమారు 4.3 లక్షల కాంతి సంవత్సరాలు. విశ్వం ఆ తర్వాత 1,090 రెట్లు సాగింది కాబట్టి ఇవాళ్టి కొలతలో అది 47 కోట్ల కాంతి సంవత్సరాలు. అప్పుడు బయల్దేరిన కాంతే నేడు 2.725 కెల్విన్ల మైక్రోవేవ్ నేపథ్య వికిరణంగా అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. 1965లో దాని ఆవిష్కరణను ప్రకటించిన పెంజియాస్, విల్సన్‌ల యాంటెన్నాకు అది అన్ని వైపులా ఒకేలా కనిపించింది. అందులో లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులున్నాయని 1992లో కోబే ఉపగ్రహం చూపించింది. ఆ మచ్చల సగటు పరిమాణమే మన కొలబద్ద.

లెక్క కాగితం మీద చేసుకోవచ్చు. ఆ కాంతి బయల్దేరిన చోటు ఇప్పుడు మనకు 4,520 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంతరాళం బల్లపరుపుగా ఉంటే 47ను 4,520తో భాగించాలి. 0.0104 రేడియన్లు వస్తుంది. 57.3తో గుణిస్తే 0.6 డిగ్రీలు, పున్నమి చంద్రుడి కంటే కాస్త పెద్దది. బంతి తరహా వంపు ఉంటే దారిలో కిరణాలు భూతద్దంలో వంగినట్టు వంగి మచ్చలు ఇంతకంటే పెద్దగా కనిపించాలి, జీను తరహా అయితే చిన్నగా. 2009లో ఎగిరిన ప్లాంక్ ఉపగ్రహం కొలిచిన కోణం 0.596 డిగ్రీలు.

ఇంతటితో తేలిపోయిందనుకుంటే పొరపాటే. ఆ 4,520 కోట్ల సంఖ్య ఆకాశంలో రాసి లేదు. విశ్వం ఏ వేగంతో సాగుతూ వచ్చిందో ఊహించి రాబట్టినది. వ్యాకోచ వేగం కాస్త తగ్గించి, వంపు కాస్త పెంచినా అదే 0.596 వస్తుంది. ఒక సమీకరణం, రెండు తెలియని రాశులు, అన్నమాట. 2018లో విడుదలైన ప్లాంక్ ఫలితాల్లో ఈ తంటా బయటపడింది. మైక్రోవేవ్ పటాన్ని ఒంటరిగా విశ్లేషిస్తే వంపు విలువ మైనస్ 0.044, అంటే మూసుకున్న విశ్వం వైపు మొగ్గు. దాన్ని పట్టుకుని విశ్వం పరిమితమేనని వాదించినవారూ ఉన్నారు. కానీ అది నిజమైతే వ్యాకోచ రేటు మెగాపార్సెక్‌కు (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి) సెకనుకు 54 కిలోమీటర్ల దగ్గర ఉండాలి. నేరుగా కొలిచిన ఏ పద్ధతీ అంత తక్కువ చూపించదు, ఎక్కువగా 67 నుంచి 73 మధ్యే తిరుగుతాయి. గెలాక్సీల పంపిణీలోనూ అదే శబ్దపు గుర్తు ఉంది, 2005లో దొరికింది. ఆ రెండో కొలతను జోడిస్తే వంపు 0.0007కు వస్తుంది, అటూ ఇటూ 0.0019 తేడాతో. సున్నా ఈ హద్దుల్లోనే ఉంది కాబట్టి నేను దీన్నే నమ్ముతాను. ఒక్క పటం మొగ్గును చూసి విశ్వానికి హద్దు గీయడం తొందరపాటు.

ఆ హద్దుల్లో విశ్వం బంతి తరహాలో మూసుకుని ఉండే అవకాశం ఇప్పటికీ ఉంది. అలా ఉంటే వంపు వ్యాసార్ధం దాదాపు 25,000 కోట్ల కాంతి సంవత్సరాలైనా ఉండాలి. ఘనపరిమాణం మనకు కనిపించే భాగానికి కొన్ని వందల రెట్లు.

సరే, వంపు సున్నా అనుకుందాం. అప్పుడు అనంతమేనా? కాదు, పత్రికల్లో ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. ఒక కాగితం మీద త్రిభుజం గీసి కోణాలు కొలవండి. కాగితాన్ని గొట్టంలా చుట్టి ఎదురెదురు అంచులు అతికించండి. ఎక్కడా ముడత పడదు, కోణాలు ఇంకా 180 డిగ్రీలే. అదే కాగితాన్ని బంతికి చుట్టబోతే ముడతలు పడతాయి. గొట్టం మీద తిరిగే చీమకు వంపు కొలతలో తేడా ఏమీ తెలియదు, కానీ ఒక దిక్కున నేరుగా పోతే బయల్దేరిన చోటికే వస్తుంది. పాత ఫోన్లలో పాము ఆట గుర్తుందా? కుడివైపు దూరితే ఎడమవైపు నుంచి వచ్చేది. పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ కూడా ఇలాగే అతికిస్తే వంపు లేని పరిమిత విశ్వం తయారవుతుంది. వంపు సున్నా అయిన త్రిమితీయ అంతరాళాన్ని అంచు లేకుండా పరిమితంగా మూయడానికి గణితంలో పది రకాల దారులున్నాయి. సాధారణ సాపేక్ష సమీకరణాలు వంపు గురించి మాట్లాడతాయి తప్ప ఈ అతుకుల గురించి నోరు విప్పవు.

అతుకు ఉంటే పట్టుకునే పద్ధతి ఒకటుంది. మైక్రోవేవ్ కాంతి బయల్దేరిన చోట్లన్నీ మన చుట్టూ ఒక గోళంలా ఉంటాయి. విశ్వం ఆ గోళం కంటే చిన్నదైతే, గోళం తన ప్రతిరూపాన్నే కోస్తుంది, ఆ కోత ఒక వలయం. ఒకే వలయం మనకు ఆకాశంలో రెండు దిక్కుల్లో కనిపించాలి. పని ఇలా నడుస్తుంది: రెండు దిశలు, ఒక వ్యాసార్ధం ఎంచుకుని రెండు వలయాల చుట్టూ ఉష్ణోగ్రతలు చదవాలి. ఒకదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ రెండోదానితో పోల్చాలి. తర్వాత మరో జత. చిక్కులు మూడు. మన పాలపుంత ధూళి పటంలో ఒక పట్టీని పాడుచేస్తుంది. ప్లాస్మా కదలిక వల్ల వచ్చే డాప్లర్ మార్పు రెండు వైపుల నుంచి చూస్తే వేర్వేరుగా ఉంటుంది. దారిలో గెలాక్సీ సమూహాల గురుత్వం కాంతికి తన వంతు మార్పు చేర్చుతుంది. 2003లో జాన్ పియర్ లుమినే బృందం విశ్వం పన్నెండు పంచభుజ ముఖాల ఆకారమని, ఎదురు ముఖాలు 36 డిగ్రీలు తిరిగి అతుక్కున్నాయని ప్రతిపాదించింది. అదే నిజమైతే ఆరు జతల వలయాలు దొరకాలి. దొరకలేదు. 2004లో డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం గీసిన మైక్రోవేవ్ పటంలో, ఆ తర్వాత ప్లాంక్ పటాల్లో జరిగిన వెతుకులాటల్లోనూ జత కనిపించలేదు. ఘనం ఆకారంలో సాదాగా అతికిన విశ్వమైతే దాని భుజం ఇంచుమించు ఆ గోళం వ్యాసమంతైనా, అంటే 9,000 కోట్ల కాంతి సంవత్సరాల దరిదాపుల్లో ఉండి తీరాలి. మెలితిప్పి అతికించిన రకాల్లో కొన్నింటికి ఇంకా చోటుంది.

ఈ పందెం ఏకపక్షం. ఒక్క జత వలయాలు దొరికినా విశ్వం పరిమితమని తేలిపోతుంది. వంపు కచ్చితంగా సున్నాకు బంతి తరహా వైపు పడితే దాదాపు అంతే. అనంతమని మాత్రం ఏ కొలతా చెప్పలేదు. ప్రతి కొలతకూ దోషం ఉంటుంది, ఆ దోషంలో ఎప్పుడూ ఒక బ్రహ్మాండమైన బంతి ఇమిడిపోతుంది. పైగా లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులు విశ్వమంతటా ఉన్నాయి కాబట్టి, వంపు పదివేలలో ఒక వంతు కంటే బాగా తక్కువైతే అది నిజంగా వంపో, మనం ఉన్న చోటి ఎత్తుపల్లమో విడదీయలేం. ఆగి చూద్దామంటే కాలమూ కలిసిరాదు. డార్క్ ఎనర్జీ వల్ల వ్యాకోచం వేగం పుంజుకుంటోంది. ఎంతకాలం కాచుకున్నా, ఇవాళ్టి కొలతలో సుమారు 6,200 కోట్ల కాంతి సంవత్సరాలకు అవతల ఉన్నదాని కాంతి మన దగ్గరికి ఎన్నటికీ చేరదు. అతుకు అంతకు రెట్టింపు దూరంలో ఉంటే దాని వలయాలు ఈ ఆకాశంలో ఎప్పటికీ కనిపించవు.