షార్కో కుదుపుల కుర్చీ

పారిస్‌లోని సల్పెట్రియేర్ ఆసుపత్రిలో పనిచేసిన నరాల డాక్టరు జాఁ మార్టిన్ షార్కోకి పార్కిన్సన్స్ (ఒళ్ళు వణికి, బిగుసుకుపోయే మెదడు జబ్బు) పేషెంట్లు తరచూ ఒక వింత మాట చెప్పేవారు. రైల్లోనో, గుర్రపు బండిలోనో చాలాసేపు కుదుపులు తిని వచ్చిన రోజున ఒళ్ళు తేలికగా ఉంటోందట. షార్కో ఆ మాటని కొట్టిపారేయలేదు. యంత్రంతో కుదిపే కుర్చీ ఒకటి వాడి చూశాడు, 1892లో దాని గురించి ఉపన్యాసం కూడా వెలువరించాడు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు.

చాలా ఏళ్ళ తర్వాత షికాగోలోని రష్ యూనివర్సిటీ వాళ్ళు ఆ కుర్చీని మళ్ళీ పరీక్షకి పెట్టారు. కొందరిని కుదిపే కుర్చీలో కూర్చోబెట్టారు. మిగతావాళ్ళకి కదలని కుర్చీ ఇచ్చి, హాయిగా ఉండే శబ్దాలు వినిపించారు. 2012లో వచ్చిన ఫలితాల్లో రెండు గుంపులూ మెరుగుపడ్డాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

అంటే పేషెంట్లు అబద్ధం చెప్పారని కాదు. పార్కిన్సన్స్‌లో మెదడుకి కరువయ్యేది డోపమైన్, కదలికల్ని సాఫీగా నడిపించే రసాయనం. ఉత్తుత్తి మందు ఇచ్చినా, బాగవుతుందన్న ఆశతోనే వీళ్ళ మెదడులో ఆ డోపమైన్ విడుదలవుతుందని 2001లో కెనడా పరిశోధకులు స్కాన్‌లలో చూపించారు. ఈ జబ్బుకి ఇప్పుడు చేసే మర్దనాలకీ ఇదే వర్తిస్తుంది. మర్దనా తర్వాత కలిగే హాయిలో చేతి మహిమ ఎంత, నమ్మకం ఎంత అన్నది తేల్చడం తేలిక కాదు. హాయిని కాదనక్కర్లేదు. దాన్ని చూపించి ‘జబ్బు నయం చేస్తాం’ అని ప్యాకేజీలు అమ్మేవాళ్ళతోనే నా పేచీ.

మరి చేతితో చేసే చికిత్స నిజంగా పనికొచ్చేది ఎక్కడ? డాక్టరు పేషెంటు మోచేయి పట్టుకుని మెల్లగా చాపితే చెయ్యి సాఫీగా రాదు, పళ్ళచక్రం తిరిగినట్టు ఆగి ఆగి వస్తుంది. ఆ బిగువు తెప్పిస్తున్నది మెదడు. కండరాన్ని ఎంత పిసికినా అక్కడిదాకా చేరదు. అయితే బిగుసుకున్న ఒళ్ళు కదలడం మానేస్తే కీళ్ళు కూడా పట్టేస్తాయి, ఈ రెండో నష్టం దగ్గర చెయ్యి పనిచేస్తుంది. భుజమే చూడండి. కొందరిలో వణుకు కంటే ముందే భుజం పట్టేస్తుంది, జబ్బు ఫలానా అని తేలేదాకా ఫ్రోజెన్ షోల్డర్ అనుకునే వైద్యం నడుస్తుంది.

నడుము సంగతీ అంతే. రాత్రి మంచం మీద పక్కకి తిరగలేక ఇంట్లోవాళ్ళని లేపాల్సి రావడం చాలామందిని కుంగదీస్తుంది. ఫిజియోథెరపిస్ట్ మనిషిని పక్కకి పడుకోబెట్టి, ఒక చెయ్యి భుజం మీద, ఇంకోటి తుంటి మీద వేస్తారు. భుజాన్ని ముందుకి, తుంటిని వెనక్కి, ఊపిరి వదులుతున్నప్పుడు కాస్త కాస్తగా తిప్పుతారు. తొందరపడి లాగితే నొప్పికి ఒళ్ళు ఇంకా బిగుస్తుంది. కాసేపటికి ఛాతీ, నడుము విడివిడిగా కదలడం మొదలవుతుంది. మంచి థెరపిస్ట్ అక్కడితో ఆపరు. అప్పుడే లేపి, చేతులు ఊపుతూ నడిపిస్తారు, వెనక్కి తిరగమంటారు, మంచం మీద పొర్లడం ప్రాక్టీస్ చేయిస్తారు. ఒళ్ళు వదులైనది నిలిచేది కాసేపే, ఆలోపు దాన్ని వాడుకోవాలి.

ఇంట్లో కొబ్బరినూనెతో కాళ్ళు రాసినా తప్పులేదు. కానీ మెడ ‘టక్’మనిపించే పనులు వద్దు. వయసు మీదపడిన వాళ్ళలో ఎముకలు గుల్లబారి ఉండొచ్చు, గట్టిగా నొక్కకూడదు. పడుకున్నవాళ్ళు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి తూలుతారు, కాసేపు మంచం అంచున కూర్చోనివ్వాలి. డీబీఎస్ పరికరం (మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి సన్నగా కరెంటు పంపేది) ఉన్నవాళ్ళు ఆ సంగతి థెరపిస్ట్‌కి ముందే చెప్పాలి. వాళ్ళకి డయాథెర్మీ (విద్యుత్ తరంగాలతో ఒంటి లోపలికి పంపే వేడి) పెడితే ఎలక్ట్రోడ్లు వేడెక్కి మెదడు దెబ్బతింటుంది, ప్రాణానికే ప్రమాదం.

అపాయింట్‌మెంట్ టైమ్ కూడా చూసుకోవాలి. మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా మాత్ర బాగా పనిచేస్తున్న గంటల్లో వెళ్తే, వదులైన ఒంటితో నడక సాధన చేయడానికి ఓపిక ఉంటుంది. మాత్ర ప్రభావం దిగిపోయే వేళకి వెళ్తే బల్ల మీంచి లేవడమే ఒక పని.