చక్రం మీది పలుచని పొర

పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్ లాంటి కారు కొనేవాళ్లు ఇంజిన్ గురించి పెద్దగా ఆలోచించరు. అందులో ఉండేది ఒకటే ఇంజిన్, ఎంచుకోవడానికేమీ లేదు. అసలు టెన్షన్ చక్రాల దగ్గర మొదలవుతుంది. సిల్వరా, శాటిన్ బ్లాకా, గోల్డా? నిగనిగలాడాలా, మ్యాట్‌గా ఉండాలా? ఇదంతా షోకు వ్యవహారంలా కనిపిస్తుంది. చాలావరకు షోకే. అయితే ఆ రంగు కింద ఒక లోహం ఉంది, పైన వాననీరు, ఉప్పు, బ్రేకుల నుంచి రాలే వేడి ఇనుప రజను ఉన్నాయి. ఆ రెంటికీ నడుమ ఉన్న అడ్డు ఈ ఫినిష్ ఒక్కటే. దాని మందం మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ.

అల్యూమినియం తనను తాను కాపాడుకోగలదు. గాలి తగిలిన మరుక్షణమే దాని ఒంటి మీద ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. ఆ పొర మూడు నాలుగు నానోమీటర్లే అయినా గట్టిది, లోహాన్ని వదలకుండా పట్టుకుని ఉంటుంది. మామూలు వాతావరణంలో ఇది చాలు. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు మాత్రం దాన్ని అక్కడక్కడా పొడుచుకుని లోపలికి దిగుతాయి. అందుకే ఆ సహజమైన పొరనే విద్యుత్తుతో మందంగా పెంచే పద్ధతి ఒకటి వచ్చింది. వస్తువును సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి, దాన్నే ధన ధ్రువంగా చేసి కరెంటు పంపిస్తే ఆక్సైడ్ వేల రెట్లు మందమవుతుంది. దీన్నే ఆనోడైజింగ్ అంటారు. మన వంటింట్లోని నల్లటి హార్డ్ ఆనోడైజ్డ్ పెనం మీద ఉన్నదీ ఈ జాతి పొరే. ఇది పైన పూసిన పూత కాదు, ఆ లోహంలోంచి పుట్టిందే. కాబట్టి పెచ్చులుగా ఊడే ప్రశ్నే లేదు.

911 చరిత్రలో అందరికీ గుర్తుండిపోయిన చక్రం ఇలాంటిదే. 1966లో 1967 మోడల్‌గా వచ్చిన 911 ఎస్‌కు జర్మనీలోని మైనర్ట్స్‌హాగెన్‌కు చెందిన ఓటో ఫుక్స్ కంపెనీ అయిదు రేకుల పువ్వులాంటి చక్రం చేసి ఇచ్చింది. పోత పోసింది కాదు, ఫోర్జింగ్ చేసింది, అంటే వేడి లోహాన్ని భారీ ప్రెస్సుల కింద నొక్కి ఆకారం తెప్పించింది. పైన ఆనోడైజింగ్. ఈ రెండూ జంటగా రావడం యాదృచ్ఛికం కాదు. పోత చక్రాలకు వాడే ఏ356 మిశ్రమంలో దాదాపు 7 శాతం సిలికాన్ ఉంటుంది. కరిగిన లోహం అచ్చు మూలమూలకీ పారాలంటే అది కావాలి. కానీ ఆమ్లపు తొట్టిలో ఆ సిలికాన్ ఆక్సైడ్‌గా మారక మచ్చలు మచ్చలుగా, బూడిద రంగులో మిగిలిపోతుంది. ఫోర్జింగ్‌కు వాడే 6061 లాంటి మిశ్రమంలో సిలికాన్ ఒక శాతం కూడా ఉండదు, పొర అద్దంలా వస్తుంది. మెరిసే ఆనోడైజ్డ్ చక్రాన్ని చూస్తే అది ఫోర్జింగ్‌దే అయి ఉంటుందని చాలావరకు ధైర్యంగా చెప్పొచ్చు.

దీనికీ ఒక బలహీనత ఉంది. అల్యూమినియం ఆక్సైడ్ ఆమ్లానికీ లొంగుతుంది, క్షారానికీ లొంగుతుంది. కార్‌వాష్‌లలో మట్టి త్వరగా వదలడానికి కొట్టే ఘాటైన క్షార ద్రవాలు ఆనోడైజ్డ్ చక్రం మీద తెల్లటి చారికలు మిగులుస్తాయి. ఎంత తుడిచినా పోవు.

ఇప్పుడు బజారులో అందరి కళ్లూ పడుతున్నది డైమండ్ కట్ మీద. చక్రానికంతటికీ ముందు నల్లరంగు వేసి, తర్వాత ముఖభాగాన్ని లేతు మీద వజ్రపు మొన ఉన్న పనిముట్టుతో సన్నగా చెక్కేస్తారు. లోపలి గుంతల్లో నలుపు, పైన మెరిసే లోహం. దాని మీద పారదర్శకమైన లక్క, అంటే క్లియర్ కోట్. చూడ్డానికి ఇంతకంటే అందమైన ఫినిష్ లేదు. నా లెక్కలో ఇంతకంటే నాజూకైనదీ లేదు.

కారణం అంచుల్లో ఉంది. నలుపు ముగిసి మెరుపు మొదలయ్యే చోట లేతు వదిలిన అంచు కత్తిలా ఉంటుంది. తడి లక్కకు తలతన్యత వల్ల పదునైన అంచు మీద నిలిచే గుణం లేదు, రెండు పక్కలకూ జారిపోతుంది. ఎక్కడ రక్షణ ఎక్కువ కావాలో అక్కడే పొర పలచబడుతుంది. అక్కడ ఒక చిన్న రాయి తగిలినా, కెర్బ్ ఒరుసుకున్నా దారి తెరుచుకున్నట్టే.

తర్వాత జరిగేది దగ్గర్నుంచి చూడాల్సిన విషయం. కొన్నాళ్లకు ఆ గాటు దగ్గర లక్క కింద తెల్లటి సన్నని దారాలు బయల్దేరతాయి. వెడల్పు మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. ఒక్కో దారానికి తల, తోక ఉంటాయి. తల దగ్గర ఉప్పు కలిసిన చిన్న నీటి బొట్టు. అక్కడ ఆక్సిజన్ తక్కువ, ఆమ్లగుణం ఎక్కువ, అందుకని అల్యూమినియం కరుగుతూ ఉంటుంది. వెనకాల తోకలో ఎండిపోయిన తెల్లటి పొడి. ఆక్సిజన్ ఆ పొడిలోంచే తల వెనక భాగానికి చేరుతుంది. ఆక్సిజన్ అందే చోటుకూ అందని చోటుకూ మధ్య ఉన్న తేడాయే బ్యాటరీలా పనిచేసి తలను ముందుకు నెడుతుంది. నీరు ఎక్కణ్ణుంచి వస్తుందంటే, గాలిలోని తేమనే ఆ ఉప్పు బొట్టు లక్క గుండా లాక్కుంటుంది. గాలి తడిగా ఉండే చోట దానికి వాన పడాల్సిన పని కూడా లేదు. ఇంకో వింత: ఒక దారం రెండోదాన్ని దాటదు. ఎదురుపడితే పక్కకు మళ్లుతుంది, లేదా అక్కడే ఆగిపోతుంది. అవతలి తోక కింద తినడానికి తాజా లోహం మిగలలేదు మరి. చెక్కడంలో మిగిలిన సన్నని గీతలు కూడా చాలాసార్లు వీటికి బాటలవుతాయి.

దీన్ని పైపైన పాలిష్ చేసి పోగొట్టలేం. లక్క తీసేసి, మళ్లీ లేతు మీద చెక్కి, మళ్లీ లక్క వేయాలి. చెక్కిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది కాబట్టి ఈ వైద్యం ఎన్నిసార్లయినా చేసే వీలు లేదు. మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ, మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లే నెలల్లో కూడా కారు తీసే మనవాళ్లకు డైమండ్ కట్ వద్దనే చెబుతాను. విశాఖ బీచ్ రోడ్డు పక్కన కారు పెట్టేవాళ్లకూ అదే మాట.

క్రోమ్ గురించి ఎక్కువ చెప్పను. మెరుపంతా క్రోమియందే అనుకుంటాం గానీ ఆ పొర ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు, భారమంతా కింద ఉన్న నికెల్ మోస్తుంది. నికెల్‌కు సూదిమొనంత రంధ్రం పడితే చాలు, తడి చేరి నికెల్‌కు బదులు కింది అల్యూమినియం కరగడం మొదలుపెడుతుంది, పైపూత పొక్కులుగా లేస్తుంది. తయారీలో వాడే హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. అందుకే యూరప్‌లో 2017 సెప్టెంబరు నుంచి దాన్ని వాడాలంటే ప్రత్యేక అనుమతి కావాలి.

ఏ ఫినిష్ వేసినా రోజూ పడే దెబ్బ బ్రేక్ డస్ట్‌ది. 911లో 992 అని పిలిచే తరానికి చెందిన జీటీ3 ఆర్‌ఎస్‌కు ముందు వైపు 408 మిల్లీమీటర్ల పోత ఇనుప డిస్కులు ఉంటాయి. బ్రేకు తొక్కినప్పుడల్లా డిస్కూ ప్యాడూ అరిగి ఇనుప రేణువులు రాలతాయి. వేడిగా ఉన్నవి లక్కలో గుచ్చుకుని, అక్కడే తడి తగిలి తుప్పు పడతాయి. దూరం నుంచి గోధుమరంగు చుక్కల్లా కనిపించేవి ఇవే. వీటిని వదిలించే ద్రవం కొట్టగానే చక్రం నుంచి ఊదారంగు నీళ్లు కారతాయి. అందులోని థయోగ్లైకొలేట్ ఇనుముతో కలిసినప్పుడు వచ్చే రంగది. అవాంఛిత రోమాలు తీసే క్రీముల్లోనూ ఈ కుటుంబపు రసాయనమే ఉంటుంది, అందుకే ఆ పరిచయమైన కంపు. పోర్షే 2001లో 911 జీటీ2తో తెచ్చిన సిరామిక్ డిస్కులైతే రజను చాలా తక్కువ రాలుతుంది. ధర మాత్రం గుండె ఆగేంత. ఇనుప డిస్కులే తీసుకుంటే నా ఓటు శాటిన్ గోల్డుకో కంచు రంగుకో. ఆ గోధుమరంగు రజను దానిమీద పడినా వెంటనే కనిపించదు. నిగనిగలాడే నలుపు అయితే దుమ్మునూ చూపిస్తుంది, తుడిచిన గుడ్డ గీతల్నీ చూపిస్తుంది. మ్యాట్ మీద గీత పడితే పాలిష్ పెట్టకూడదు. దాని పైపొరలోని సన్నని గరుకుతనమే వెలుగును చెదరగొడుతుంది, రుద్దితే ఆ చోట ఒక మెరిసే మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది.

నల్ల చక్రాలు వేడిని బాగా వెదజల్లి బ్రేకుల్ని చల్లబరుస్తాయని ఒక వాదన తరచూ వినిపిస్తుంది. మన కంటికి నలుపూ తెలుపూ వేరు గానీ, వంద డిగ్రీల వేడిమీద ఉన్న వస్తువు వెదజల్లేది పరారుణ కిరణాల్ని. ఆ కిరణాల దగ్గర ఏ రంగు పెయింటయినా దాదాపు ఒకటే, ఆ వేడిమీద ఏ వస్తువైనా గరిష్ఠంగా వెదజల్లగలిగినదానిలో 90 శాతం దాకా వెదజల్లుతుంది. నున్నగా పాలిష్ చేసిన ఒట్టి లోహమైతే 10 శాతం కూడా చేయదు. అంటే తేడా రంగుల మధ్య కాదు, పూత ఉన్న చక్రానికీ లేనిదానికీ మధ్య. పోనీ ఆ తేడా ఎంత? వంద డిగ్రీల దగ్గర ఉన్న పెయింటు చక్రాలు నాలుగూ కలిసి వదిలేది సుమారు 2,000 వాట్లు, మన బాత్‌రూమ్ గీజరంత. అదే 1,500 కిలోల కారు గంటకు 200 కిలోమీటర్ల వేగం నుంచి ఐదారు సెకన్లలో ఆగితే బ్రేకుల్లోకి సగటున నాలుగు లక్షల వాట్లు దిగుతాయి. బ్రేకుల్ని చల్లబరిచేది ప్రధానంగా గాలి. రంగుకు ఆ ఘనత అక్కర్లేదు.

వేడి విషయంలో ఫినిష్ నిజంగా ప్రాణం కాపాడేది కార్బన్ ఫైబర్ చక్రాల్లో. 2015 డెట్రాయిట్ మోటార్ షోలో ఫోర్డ్ చూపించిన షెల్బీ జీటీ350ఆర్‌కు ఆస్ట్రేలియాకు చెందిన కార్బన్ రివల్యూషన్ ఇలాంటివి చేసింది. కార్బన్ పోగుల్ని కలిపి ఉంచే రెజిన్, అంటే జిగురులాంటి ప్లాస్టిక్, బ్రేకు వేడికి మెత్తబడుతుంది. అందుకని చక్రం లోపలి వైపు ప్లాస్మా స్ప్రేతో సిరామిక్ పూత వేశారు.

మెగ్నీషియం దగ్గర ఎంపిక మరీ ఇరుకు. జీటీ3 ఆర్‌ఎస్‌కు బరువు తగ్గించడానికి పోర్షే అమ్మే వైసాక్ ప్యాకేజీతో పాటు ఫోర్జింగ్ మెగ్నీషియం చక్రాలు తీసుకుంటే సుమారు 8 కిలోల బరువు తగ్గుతుంది. మెగ్నీషియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు, అల్యూమినియంది 2.70. చిక్కేమిటంటే దాని ఆక్సైడ్ పొర ఒంటికి సరిపోదు. అల్యూమినియం ఆక్సైడ్‌గా మారినప్పుడు పరిమాణం దాదాపు 1.28 రెట్లవుతుంది, లోహాన్ని నిండుగా కప్పుతుంది. మెగ్నీషియంలో అది 0.81కి పడిపోతుంది. కప్పాల్సిన మేర కప్పలేక పొర మధ్యలో సందులు మిగులుతాయి. పైగా ఉక్కుతో ఆనుకుని ఉన్న చోట తడి తగిలితే మెగ్నీషియమే ముందు కరిగిపోతుంది. అందుకే ముందు రసాయనిక పూత, దానిపైన ప్రైమర్, ఆ పైన రంగు, లక్క. ఒట్టి లోహం మెరుపు ఇక్కడ కుదరదు. గీత పడి లోహం కనిపిస్తే సర్వీసింగ్ దాకా ఆగకుండా వెంటనే మూయించుకోవాలి.

రంగు మార్చాలనిపించి బయట పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడితో కరిగించి పట్టించే పూత) చేయించేవాళ్లు ఒక్కటి అడిగి తీరాలి: పాత రంగు ఎలా తీస్తారు? అల్యూమినియం చక్రానికి బలం వచ్చేది 150 నుంచి 180 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంచినప్పుడు లోపల ఏర్పడే మెగ్నీషియం, సిలికాన్ సూక్ష్మ రేణువుల వల్ల. పౌడర్‌ను 180 నుంచి 200 డిగ్రీల దగ్గర పావుగంటో ఇరవై నిమిషాలో కాలుస్తారు. ఒక్కసారికి దానివల్ల పెద్ద నష్టం లేదు. పాత పెయింటును మాడ్చి తీసే కొలిమి మాత్రం దాదాపు 400 డిగ్రీలు. అంత వేడిలో ఆ రేణువులు పెద్దవై, లోహం మెత్తబడుతుంది. పైకి చూస్తే కొత్త చక్రమే. రసాయనంతోనో, మెత్తటి బ్లాస్టింగ్‌తోనో, అంటే గాలితో రేణువులు చిమ్మి గీకేసో, తీస్తామంటే ఇవ్వండి, లేదంటే వెనక్కి తెచ్చుకోండి.

చక్రం హబ్‌కు (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగానికి) ఆనుకునే ముఖాన్నీ, నట్టు కూర్చునే చోటునూ పౌడర్ పడకుండా మాస్క్ చేస్తారా అన్నది కూడా అడగాలి. జీటీ3 ఆర్‌ఎస్ చక్రాన్ని మధ్యలో ఒకే నట్టు దాదాపు 600 న్యూటన్ మీటర్ల బిగువుతో పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి కింద పౌడర్ పొర వేడికి నెమ్మదిగా నలిగి పలచబడుతుంది. పలచబడినంత మేర బిగువు సడలుతుంది.