పొట్టలో ఇరుక్కున్న వెన్ను

పలమనేరు నుంచి బాబాయి పంపిన గుప్పెడు వడ్లను బెంగళూరులో మా అపార్టుమెంటు మిద్దె మీద రెండు బకెట్లలో చల్లాను. ఇరుగుపొరుగు నవ్వారు, నేనూ నవ్వాను. తీరా పైరు పొట్టకు వచ్చిన, అంటే కంకి ఇంకా ఆకు తొడుగులోనే ఉన్న, వారంలోనే నీళ్ళ ట్యాంకరు వరసగా రెండుసార్లు ఎగ్గొట్టింది. ఒక బకెట్టుకు కూరగాయలు కడిగిన నీళ్ళు పోసి, రెండోదాన్ని దేవుడికి వదిలేశాను.

ఆ రెండో బకెట్టులో వెన్ను, అంటే వరి కంకి, సగమే బయటికి వచ్చింది. మిగతా సగం ఆకు తొడుగులోనే ఉండిపోయింది. గోటితో తొడుగు చీల్చి చూస్తే లోపల గింజలు పాలిపోయి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. బయటికి వచ్చినవి నొక్కినా చప్పగా నలిగాయి. అన్నీ తాలే.

ఆ ఆదివారమే బాబాయి ఫోను చేశాడు. "ఏదో మందు కొడితే నీళ్ళు తక్కువైనా దిగుబడి తగ్గదంటున్నారు. నిజమేనా?"

"సీసాలో ఏముంది బాబాయ్?"

"హార్మోనట."

ఏ హార్మోనో ఆయనకు తెలియదు. అమ్మినవాడూ చెప్పలేదట. అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

కిలో వడ్లు పండడానికి పొలానికి సగటున 2,500 లీటర్ల నీరు అందాలని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క. మా వీధిలో అమ్మే ఇరవై లీటర్ల క్యాన్లతో కొలిస్తే 125 క్యాన్లు. ఇందులో కొంత భాగం నేలలోకి ఇంకిపోయేదే అనుకోండి. అయినా ఏ సీసా కూడా ఆ నీటిని పుట్టించదు. ఉన్న నీటితో మొక్క ఎలా కాపురం చేయాలో చెప్పే కబురు మాత్రం మార్చగలదు.

నేల ఎండితే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. అది అందగానే ఆకుల మీది సన్నని రంధ్రాల చుట్టూ ఉన్న కణాలు పొటాషియాన్ని, దాంతోపాటు నీటినీ వదిలేసి వాడిపోతాయి. రంధ్రం మూసుకుంటుంది. నీరు ఆవిరి కావడం తగ్గుతుంది, కానీ బొగ్గుపులుసు వాయువు వచ్చేదీ ఆ తలుపు గుండానే. తలుపు మూస్తే దాహం తగ్గుతుంది, వంట ఆగిపోతుంది. మధ్యాహ్నం సూదుల్లా చుట్టుకున్న ఆకులు తెల్లవారేసరికి విచ్చుకుంటే పైరు ఇంకా తట్టుకుంటున్నట్టే. పొద్దున్న కూడా చుట్టుకునే ఉంటే పరిస్థితి చేయి దాటుతున్నట్టు.

ఇక జిబ్బరెల్లిన్, మొక్కను సాగదీసే హార్మోను. దీన్ని కనుక్కున్నదే వరిలో. జపాన్‌లో రైతులు 'బకానే' అనే తెగులును ఎరుగుదురు. ఆ మాటకు 'తెలివితక్కువ నారు' అని అర్థం. నారు పాలిపోయి, సన్నగా, ఎత్తుగా సాగిపోయి గింజ కట్టకుండానే చచ్చేది. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని వడకట్టి తీసేశాక మిగిలిన ద్రవం కూడా నారును అలాగే సాగదీస్తుందని 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా చూపించాడు. ఆ ద్రవంలోని పదార్థమే జిబ్బరెల్లిన్.

మరి అంత చెడ్డదైతే అమ్మడం ఎందుకు? కరీంనగర్, వరంగల్ వైపు హైబ్రిడ్ వరి విత్తనం పండించేవారిని అడగండి. అక్కడ ఆడ వరుసల వెన్ను పూర్తిగా బయటికి రాదు. ఈనే వేళకు 'జీఏ', అంటే జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే జిబ్బరెల్లిన్, కొడితే వెన్ను కింది కాడ సాగి, పూత బయటపడి, పుప్పొడి అందుతుంది. నా బకెట్టులో నీళ్ళు లేక సాగనిదీ ఆ కాడే. అలాగని నీరే లేని మొక్కకు జీఏ కొట్టి వెన్నును బయటికి లాగినా, పుప్పొడి తయారయ్యే రోజుల్లోనే, అంటే పూతకు పది పన్నెండు రోజుల ముందే, చెడినదాన్ని అది బాగు చేయలేదు. పిలకల దశలో కొడితే మరీ ముప్పు: ఆకు పెరుగుతుంది, దాహమూ పెరుగుతుంది.

మిగతా సీసాల కథ వేరు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం బెట్టకు సిఫారసు చేసే గులాబీ రంగు బ్యాక్టీరియా ఆకు వదిలే మిథనాల్ తిని బతుకుతూ, ఆకును తొందరగా పండనివ్వని సైటోకైనిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. తమిళనాడులోనే మండపం అనే ఊరి తీరాన పెంచే కప్పాఫైకస్ సముద్రపు నాచు రసం కూడా ఈ కోవదే. నా మట్టుకు వీటిని కాస్త నమ్ముతాను, అద్భుతాలు మాత్రం ఆశించను. నాచు రసం లాంటి జీవ ఉత్ప్రేరకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. జిబ్బరెల్లిక్ ఆమ్లం మాత్రం పురుగుమందుల చట్టం కింద నమోదు కావాలి. అందుకే సీసా మీది చిన్న అక్షరాలు చదవాలి.

బాబాయి లేబులు ఫొటో పంపాడు. జిబ్బరెల్లిక్ ఆమ్లమే.

"పైరు ఏ దశలో ఉంది?"

"ఇంకా పిలకలు వేస్తోంది."

మూత తీయవద్దన్నాను. చిల్లులు పెట్టిన గొట్టం ఒకటి మడిలో పాతమన్నాను. అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా మళ్ళీ తడి ఇవ్వనక్కర్లేదు. అలా మిగిల్చిన బోరు నీళ్ళు పొట్ట నుంచి పూత దాకా కావాలి. గొట్టం ఎంత వెడల్పుండాలని అడిగాడు. జానెడులో సగం చాలన్నాను. పాత డ్రైనేజీ గొట్టం ముక్క ఒకటి పశువుల పాకలో పడి ఉందట.